కొత్త ఊళ్లో విమానం దిగాక: రైలా, బస్సా, ట్యాక్సీనా?

ఒకసారి అమ్మతో కలిసి అంతకుముందెప్పుడూ చూడని ఊళ్లో దిగాను. విమానం నేలమీద దిగింది రాత్రి పదింటికి. సిటీలోకి చివరి రైలు పదకొండుంబావుకి. గంటా పావు ఉంది కదా, చాలులే అనుకున్నాను. విమానం గేటు దగ్గరికి చేరి తలుపులు తెరిచేసరికి పావుగంట. ఇమిగ్రేషన్ క్యూలో ముప్పై అయిదు నిమిషాలు. బెల్టు మీద మా రెండో సూట్‌కేసు కనపడేసరికి ఇంకో ఇరవై. రైలు బొమ్మ ఉన్న బోర్డులు చూసుకుంటూ పరిగెత్తాం. కిందికి దిగే ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది, లిఫ్టేమో ఎక్కడో అటు చివర. ఒక్కో సూట్‌కేసు మెట్ల మీదుగా దించుతుంటే కింద రైలు తలుపులు మూసుకున్న చప్పుడు వినపడింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ మెట్టు మీదే కూర్చుని మోకాలు నొక్కుకుంది.

రైలు తప్పేమీ లేదు, టైముకి వచ్చి టైముకి వెళ్లిపోయింది. నేనే విమానం దిగే టైము నుంచి లెక్క వేశాను. మేం లగేజీతో బయటపడే టైము నుంచి వేయాల్సింది. అప్పటి నుంచి ఎయిర్‌పోర్టు నుంచి సిటీలోకి ఎలా వెళ్లాలన్నది ఇంటి దగ్గరే, విమానం ఎక్కకముందే తేల్చుకుంటున్నాను. దిగాక ఒంట్లో ఓపిక ఉండదు, ఫోన్లో చార్జింగ్ ఉండదు, వెంట ఉన్నవాళ్లకి ఆకలేస్తుంటుంది. ఆ స్థితిలో ఎదురుగా ఏది కనపడితే అదే ఎక్కేస్తాం.

తలుపు నుంచి తలుపుకి లెక్క

ఎయిర్‌పోర్టు వెబ్‌సైట్లు, రైలు కంపెనీల ప్రకటనలు "సిటీకి 20 నిమిషాలు" అని రాస్తాయి. అది ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి పట్టే టైము. మనం వెళ్లాల్సింది హోటల్ గదికి. కాగితం మీద ఒక్కసారి మొత్తం వేసి చూడండి.

ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాల్లో సిటీలోని పెద్ద స్టేషన్‌కి చేరుస్తుందనుకుందాం. టెర్మినల్ నుంచి ప్లాట్‌ఫారానికి నడక 10 నిమిషాలు, టికెట్ మెషీన్ దగ్గర 5, రైలు కోసం ఎదురుచూపు 10, ప్రయాణం 20. ఇప్పటికి 45 అయింది. పెద్ద స్టేషన్‌లో దిగి మెట్రో దాకా నడవడానికి 10, మెట్రో కోసం 5, అందులో ప్రయాణం 10, దిగాక హోటల్‌కి నడక 10. మొత్తం 80 నిమిషాలు. అదే ఊరికి ప్రతి స్టేషన్‌లో ఆగుతూ వెళ్లే మామూలు రైలు ఒకటుంది, మీ హోటల్ వీధి దగ్గరి స్టేషన్ దాకా 45 నిమిషాలు పడుతుంది అనుకోండి. నడక, టికెట్, ఎదురుచూపు అవే 25, ప్రయాణం 45, చివరి నడక 10. అదీ 80 నిమిషాలే. కాకపోతే మధ్యలో దిగి, లగేజీ లాక్కుంటూ, బోర్డులు వెతుక్కునే పని లేదు. చార్జీ కూడా సాధారణంగా తక్కువే. "ఎక్స్‌ప్రెస్" అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టిన చాలామందికి ఈ లెక్క దిగాక గానీ తెలియదు.

అందుకే మొదట హోటల్ ఏ పేటలో ఉందో చూసుకోవాలి, ఆ తర్వాతే బండి సంగతి. ఇంకా హోటల్ బుక్ చేయకపోతే మరీ మంచిది. ఎయిర్‌పోర్టు రైలు ఆగే స్టేషన్లలో ఏదో ఒకదానికి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఎయిర్‌పోర్టు పేరులో ఊరుంటే సరిపోదు

టికెట్ చవగ్గా వచ్చిందని సంబరపడేముందు ఎయిర్‌పోర్టు నిజంగా ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఎయిర్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కి సుమారు 85 కిలోమీటర్లు. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా కూడా వంద కిలోమీటర్ల దూరమే. ఇలాంటి చోట్ల ట్యాక్సీ మాట మర్చిపోవాలి. విమానాల రాకపోకలను బట్టి నడిచే బస్సే గతి. ఆ బస్సు చార్జీ, అందులో పోయే గంటా గంటన్నర కలుపుకుని చూస్తే ఆ చవక టికెట్ అంత చవకేమీ కాదని తేలొచ్చు.

టోక్యో సంగతి వేరు. అక్కడ రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. నరిటా నడిబొడ్డు నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. హనేడా 15 కిలోమీటర్లే. రెండింటికీ రైళ్లు బాగానే ఉన్నాయి గానీ, రాత్రి పొద్దుపోయాక దిగేవాళ్లకి నరిటా నుంచి ట్యాక్సీ అంటే గుండె గుభేలుమంటుంది. విమానం టికెట్ ధరలో తేడా కొద్దిగానే ఉంటే నేనైతే కళ్లు మూసుకుని హనేడానే ఎంచుకుంటాను.

రైలు

ట్రాఫిక్‌తో సంబంధం లేదు, టైము ముందే తెలుస్తుంది, ఒంటరిగా వెళ్లేవాళ్లకి చార్జీ అందుబాటులో ఉంటుంది. అందుకే పగలు దిగే ప్రయాణికుడికి నేను మొదట చెప్పేది రైలే. అయితే ఒకే ఎయిర్‌పోర్టు నుంచి రెండు మూడు రకాల రైళ్లుంటే ఏది ఎక్కాలన్నదే అసలు చిక్కు.

లండన్ హీత్రో దీనికి మంచి ఉదాహరణ. అక్కడి నుంచి మూడు రైలు దారులున్నాయి. 1998లో మొదలైన హీత్రో ఎక్స్‌ప్రెస్ పావుగంటలో ప్యాడింగ్టన్ చేరుస్తుంది. కానీ ప్యాడింగ్టన్ సిటీ నడిబొడ్డుకి పడమటి అంచున ఉంటుంది. చాలామంది అక్కడ దిగి మళ్లీ ఇంకో రైలో, ట్యాక్సీనో పట్టుకోవాలి. 1977 నుంచి హీత్రోకి వస్తున్న పికడిలీ లైన్ మెట్రో అన్నింటికంటే చవక. నడిబొడ్డుకి దాదాపు 50 నిమిషాలు. దాంతో వచ్చిన ఇబ్బందల్లా పెట్టెలు ఇరుకు, పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. 2022లో వచ్చిన ఎలిజబెత్ లైన్ ఈ రెండింటికీ మధ్యస్తంగా ఉంటుంది. ప్యాడింగ్టన్‌లో ఆగిపోకుండా టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, లివర్‌పూల్ స్ట్రీట్ దాకా నేరుగా వెళ్తుంది. దాని స్టేషన్లన్నింటిలో వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా మెట్లెక్కకుండా వెళ్లొచ్చు. పెద్ద సూట్‌కేసుతో లండన్ వెళ్లే ఎవరు అడిగినా నేను ఎలిజబెత్ లైనే చెబుతాను. ప్యాడింగ్టన్ చుట్టుపక్కల గది తీసుకున్నవాళ్లకి, అదీ నిజంగా తొందరున్నవాళ్లకి మాత్రమే ఎక్స్‌ప్రెస్.

వేగం ఒక్కటే చూసి ఎక్కితే ఏమవుతుందో షాంఘై చూపిస్తుంది. పుడాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి మాగ్లెవ్ రైలు (అయస్కాంత శక్తితో పట్టా మీద తేలుతూ పరుగెత్తేది) 30 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిది నిమిషాల్లోపే దాటేసేది. వేగం ఒక దశలో గంటకు 431 కిలోమీటర్లు అందుకునేది. ఆ తర్వాత వేగం 300కి తగ్గించారు. ఎక్కి చూడాల్సిన రైలే, అందులో అనుమానం లేదు. కానీ అది ఆగేది లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్‌లో. అక్కడి నుంచి నడిబొడ్డుకి లగేజీతో మళ్లీ మెట్రో ఎక్కాలి. అదే ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో రెండో లైన్ ఎక్కితే ఎక్కువసేపు పడుతుంది గానీ నేరుగా నగరం మధ్యలోకి పోతుంది. పెద్ద లగేజీ, నిద్ర లేని కళ్లు ఉన్నప్పుడు మెట్రో. తిరుగు ప్రయాణంలో చేతిసంచి ఒక్కటే ఉంటే సరదాగా మాగ్లెవ్.

న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు దగ్గర ఇంకో రకం ఇబ్బంది. 2003 నుంచి ఎయిర్‌ట్రెయిన్ నడుస్తోంది. పేరు వినగానే ఊళ్లోకి తీసుకెళ్తుందనిపిస్తుంది. అది టెర్మినల్స్ చుట్టూ తిరిగి జమైకా, హోవర్డ్ బీచ్ స్టేషన్లలో వదులుతుంది. మాన్‌హట్టన్ చేరాలంటే అక్కడ సబ్‌వేకో, జమైకా నుంచైతే లాంగ్ ఐలండ్ రైలుకో మారాలి. కనీసం ఒక్కసారైనా మారక తప్పదని ముందే తెలిస్తే ఇద్దరు మనుషులు, నాలుగు పెట్టెలతో అటువైపు వెళ్లరు.

అన్నీ ఇలా తిరకాసుగా ఉంటాయని కాదు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో రైల్వే స్టేషన్ ఎయిర్‌పోర్టు కిందే ఉంటుంది, పావుగంటలో సెంట్రల్ స్టేషన్. హాంకాంగ్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ 24 నిమిషాలు. కౌలాలంపూర్‌లో ఎయిర్‌పోర్టు 50 కిలోమీటర్లకు పైగా దూరమున్నా కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ సుమారు అరగంటలో ఊళ్లోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో దించుతుంది. రోడ్డు మీద అంత దూరం రద్దీ వేళలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి ఊళ్లలో రైలుతో పోటీ పడేది ఏదీ లేదు.

టికెట్ గురించి ఒక చిన్న మాట. లండన్, న్యూయార్క్, సింగపూర్ వంటి చోట్ల బ్యాంకు కార్డు గానీ ఫోను గానీ గేటుకి తాకిస్తే చాలు, టికెట్ మెషీన్ దగ్గర నిలబడక్కర్లేదు. లండన్‌లో మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు ఏది తాకించారో బయటికొచ్చేటప్పుడు కూడా అదే తాకించాలి. లోపలికి కార్డు, బయటికి అదే కార్డున్న ఫోను తాకిస్తే యంత్రం లెక్కలో అవి రెండు వేర్వేరు ప్రయాణాలు, రెండూ సగంలో ఆగిపోయినవి. డబ్బు ఎక్కువ పడుతుంది. ఇంకొకటి, అక్కడ ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఇద్దరుంటే ఇద్దరికీ చెరొక కార్డు చేతిలో ఉండాలి.

గేటు దగ్గర పెద్ద సూట్‌కేసుతో ఇరుక్కుపోయేవాళ్లని చూస్తే జాలేస్తుంది. చాలాచోట్ల గేట్ల వరసలో ఒక చివర వెడల్పు గేటు ఉంటుంది, చక్రాల కుర్చీ, పిల్లల బండి బొమ్మలు వేసి ఉంటాయి. పెట్టెని ముందు తోసి, వెనకాల మనం వెళ్లాలి. మనం ముందు వెళ్లి పెట్టెని లాగితే తలుపులు పెట్టె మీద మూసుకుంటాయి.

బస్సు

బస్సుని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో మధ్యస్థ దూరాలకి, లగేజీ ఎక్కువున్నవాళ్లకి ఇది చాలా మంచి దారి. ఎయిర్‌పోర్టు బస్సుల్లో పెట్టెలు కింద డిక్కీలో పెట్టేస్తారు, కూర్చున్న చోటి నుంచి కదలక్కర్లేదు, మెట్లు లేవు. టోక్యోలో లిమోజిన్ బస్సులు పెద్ద పెద్ద హోటళ్ల గుమ్మం ముందే ఆపుతాయి. పేరులో లిమోజిన్ ఉన్నా అది అందరూ ఎక్కే బస్సే. రెండు సార్లు రైలు మారే బదులు పది నిమిషాలు ఎక్కువైనా ఆ బస్సులో నిద్రపోతూ వెళ్లడం ఎంతో హాయి.

బస్సుకి శత్రువు ట్రాఫిక్. పొద్దున ఆఫీసుల వేళ, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య దిగితే టైము టేబుల్లో రాసిన టైముకి సగం కలుపుకోండి. ఎయిర్‌పోర్టు బస్సుకీ మామూలు సిటీ బస్సుకీ తేడా కూడా చూసుకోవాలి. సిటీ బస్సు చవకే గానీ లగేజీకి చోటుండదు, కిటకిటలాడే బస్సులో రెండు పెట్టెలు పట్టుకుని నిలబడితే మనకీ కష్టం, పక్కవాళ్లకీ కష్టం. వీపున ఒక్క బ్యాగుతో తిరిగే కుర్రాళ్లు మాత్రం నిరభ్యంతరంగా ఎక్కొచ్చు.

ట్యాక్సీ

ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ట్యాక్సీని ఖరీదని కొట్టిపారేయకండి. ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ ధరని మనుషుల సంఖ్యతో గుణించి, స్టేషన్ నుంచి హోటల్‌కి అయ్యే ఖర్చు కలిపి చూడండి. నలుగురికి చాలా ఊళ్లలో ట్యాక్సీ చార్జీ దాదాపు అంతే అవుతుంది, ఒక్కోసారి తక్కువే. ఒక్కరికి ఈ లెక్క ఎప్పుడూ కుదరదు. ఇద్దరికి ఊరిని బట్టి ఉంటుంది.

కొన్ని ఊళ్లు ప్రయాణికుడి టెన్షన్ తగ్గించడానికి నిర్ణీత చార్జీ పెట్టాయి. పారిస్‌లో 2016 నుంచి షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టుకీ నగరానికీ మధ్య అధికారిక ట్యాక్సీలు ఒకే స్థిర ధర తీసుకోవాలి. సెన్ నదికి ఏ గట్టున మీ హోటల్ ఉందన్నదాన్ని బట్టి రెండు ధరలుంటాయి, అంతే. జేఎఫ్‌కే నుంచి మాన్‌హట్టన్‌కి పసుపు ట్యాక్సీలకి కూడా స్థిర ధర ఉంది, కానీ టోల్, సర్‌చార్జీలు, టిప్ దానికి అదనం. స్థిర ధర ఉన్న ఊళ్లో ట్రాఫిక్ ఎంతున్నా మీటరు వంక చూస్తూ గుండె దడదడలాడించుకునే పని లేదు. ఊరికి బయల్దేరేముందు ఎయిర్‌పోర్టు అధికారిక వెబ్‌సైట్‌లో ఆ ధర చూసి ఫోన్లో ఫొటోగా పెట్టుకోండి. ఎవరైనా ఎక్కువ అడిగితే మాట్లాడకుండా ఆ ఫొటో చూపిస్తే చాలు.

స్థిర ధర లేని చోట రెండే పద్ధతులు. మీటరు వేస్తారా లేదా అన్నది పెట్టె డిక్కీలో పెట్టకముందే అడగాలి. పెట్టె లోపలికి వెళ్లాక బేరం మన చేతుల్లో ఉండదు. లేదా ప్రీపెయిడ్ కౌంటర్ ఉంటే అక్కడ డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి, ఆ రసీదులో డ్రైవర్‌కి ఇవ్వాల్సిన ముక్క గమ్యం చేరాకే ఇవ్వాలి.

కస్టమ్స్ దాటి బయటికి రాగానే "ట్యాక్సీ, ట్యాక్సీ" అంటూ ఎదురొచ్చేవాళ్లుంటారు. చొక్కా ఇస్త్రీగా ఉంటుంది, మెడలో ఏదో కార్డు వేలాడుతుంటుంది, పెట్టె హ్యాండిల్ మీద చెయ్యి కూడా వేసేస్తారు. అనుమతి ఉన్న ట్యాక్సీవాళ్లు బయట క్యూలో బండి దగ్గర ఉంటారు, లోపలికొచ్చి మనుషుల్ని వెతుక్కోరు. అందుకని ఎవరు ఎంత మర్యాదగా పిలిచినా వద్దని ఒక్క మాట చెప్పి, ఆగకుండా నడుచుకుంటూ బోర్డు చూపించే ట్యాక్సీ క్యూలోకే వెళ్లండి. క్యూ పొడుగ్గా ఉన్నా సరే.

ఫోన్లో బుక్ చేసే క్యాబ్

ధర ముందే కనపడుతుంది, భాష రాకపోయినా చిరునామా చెప్పే పని లేదు. ఈ రెండూ పెద్ద సుఖాలు. కానీ అది పనిచేయాలంటే దిగకముందే కొన్ని సర్దుకోవాలి. అన్ని దేశాల్లో ఒకే యాప్ ఉండదు. ఆగ్నేయాసియాలో ఊబర్ తన వ్యాపారాన్ని 2018లో గ్రాబ్‌కి అమ్మేసింది, అక్కడ గ్రాబ్ కావాలి. చైనాలో డీడీ. యాప్ ఇంట్లోనే దించుకుని, నంబరు ధ్రువీకరించుకుని, కార్డు జత చేసి పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో మొదలుపెడితే ఓటీపీ మన పాత సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్‌కి రోమింగ్ ఉండదు, అక్కడితో ఆగిపోతుంది.

ఎక్కే చోటు ఇంకో తలనొప్పి. చాలా ఎయిర్‌పోర్టుల్లో క్యాబ్‌లు గుమ్మం ముందు ఆగడానికి వీల్లేదు. పార్కింగ్ భవనంలో ఫలానా అంతస్తు, ఫలానా స్తంభం అని చెబుతారు. అక్కడికి నడవడానికి పది నిమిషాలు పట్టొచ్చు, అక్కడ ఎయిర్‌పోర్టు వైఫై అందకపోవచ్చు. అందుకని ఆ చోటు దగ్గరికి వెళ్తూ బుక్ చేయండి, సిమ్‌లో డేటా ఉన్నప్పుడే ఈ దారి పట్టండి. నాలుగు విమానాలు ఒకేసారి దిగినా, వాన పడినా ధర అమాంతం పెరుగుతుంది. అలాంటప్పుడు పదడుగుల దూరంలో ఉన్న మామూలు ట్యాక్సీ క్యూ చవకవుతుంది. రెండింటినీ పోల్చుకున్నాకే ఎక్కాలి.

బండి వచ్చాక నంబరు ప్లేటు చూడండి. ఎవరి కోసం వచ్చారో డ్రైవర్‌నే చెప్పమనండి. మీ పేరు మీరు చెప్పి "అవునా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

ముందే మాట్లాడి పెట్టుకున్న కారు

హోటల్‌వాళ్లు గానీ ఏదైనా సంస్థ గానీ పేరు రాసిన బోర్డుతో మనిషిని పంపిస్తారు. ఉన్న దారుల్లో సాధారణంగా ఇదే ఖరీదైనది. అయినా పెద్దవాళ్లు వెంట ఉంటే, చంటిపిల్లలుంటే, అర్ధరాత్రి దిగుతుంటే నేను దీనికి డబ్బు పెడతాను, బాధపడను. బుక్ చేసేటప్పుడు టైము ఒక్కటే ఇవ్వకుండా విమానం నంబరు ఇవ్వాలి. నంబరు ఉంటే విమానం ఆలస్యమైనా వాళ్లకి తెలుస్తుంది. ఎంతసేపు ఉచితంగా ఆగుతారు, ఆ టైము విమానం దిగినప్పటి నుంచా లేక మనం చెప్పిన గంట నుంచా అన్నది అడిగి రాతలో తీసుకోండి. డ్రైవర్ ఎక్కడ నిలబడతాడన్నది కూడా. అన్ని గేట్ల ముందూ ఒకేలా బోర్డులు పట్టుకుని నిలబడ్డ ఇరవై మందిలో మన పేరు వెతుక్కోవడం అలసిపోయి ఉన్నప్పుడు చిన్న పనేం కాదు.

నలుగురైదుగురు తెలియనివాళ్లు కలిసి వెళ్లే షేర్ వ్యాన్లూ ఉంటాయి. ఒంటరివాళ్లకి ధర బాగుంటుంది, కానీ మనల్ని చివర్లో దించితే ఊరంతా తిరిగినట్టే. తొందరుంటే వద్దు. అద్దె కారు సిటీ నడిబొడ్డుకి మాత్రమే వెళ్లేవాళ్లకి అసలే వద్దు. పార్కింగ్ దొరకదు, రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి తెలియని రోడ్ల మీద, బహుశా అలవాటు లేని వైపున నడపడం ప్రమాదం.

రాత్రి దిగేవాళ్లకి

రాత్రి తొమ్మిది దాటాక దిగే విమానమైతే ఒక పని చేయండి. దిగే టైముకి గంటన్నర కలపండి, అంతర్జాతీయ ప్రయాణమైతే రెండు గంటలు. ఆ టైము తర్వాత కూడా కనీసం రెండు రైళ్లుంటేనే రైలు మీద నమ్మకం పెట్టుకోండి. ఒక్కటే ఉంటే అది లేనట్టే లెక్క.

కొన్ని ఊళ్లు ఈ విషయంలో ఎంతో మేలు. కోపెన్‌హాగెన్ మెట్రో రాత్రంతా నడుస్తుంది, ఎయిర్‌పోర్టు నుంచి నడిబొడ్డుకి పావుగంటే. చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి బ్లూ లైన్ రైలు కూడా ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. లండన్‌లో శుక్ర, శనివారాల రాత్రుళ్లు పికడిలీ లైన్ ఆగకుండా నడుస్తుంది, మిగతా రోజుల్లో ఎన్9 రాత్రి బస్సు హీత్రో నుంచి నగరంలోకి వస్తుంది. అయితే రైలు ఉండటం వేరు, అర్ధరాత్రి ఒంటి గంటకి తెలియని స్టేషన్‌లో దిగి పెట్టె లాక్కుంటూ చీకటి వీధిలో నడవడం వేరు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఆ చివరి నడక అయిదు నిమిషాలు దాటుతుంటే ట్యాక్సీ తీసుకోవడమే నయం. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి దిగేవాళ్లకి ఇంకో దారి ఉంది. లోపలే కూర్చుని కాఫీ తాగి మొదటి రైలు దాకా ఆగడం. హోటల్ గది ఎలాగూ మధ్యాహ్నం దాకా ఇవ్వరు, తొందరపడి వెళ్లి చేసేదేముంది?

ఆ రాత్రి అమ్మ, నేను ట్యాక్సీ క్యూలో అరగంట నిలబడి వెళ్లాం. హోటల్ చిరునామా నా ఫోన్లో ఇంగ్లిష్‌లో ఉంది. డ్రైవర్‌కి అది చదవడం రాదు. చివరికి హోటల్‌కే ఫోన్ చేసి ఆయన చేతికిచ్చాను. అప్పటి నుంచి చిరునామా ఆ ఊరి లిపిలో, హోటల్ ఫోన్ నంబరుతో సహా కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టులో పెట్టుకుంటున్నాను. ఫోన్ చచ్చిపోయినా కాగితం ఉంటుంది.

తిరుగు ప్రయాణం వేరే లెక్క

వచ్చేటప్పుడు గంట ఆలస్యమైతే నిద్ర పోతుంది. వెళ్లేటప్పుడు గంట ఆలస్యమైతే విమానం పోతుంది. అందుకే వచ్చేటప్పుడు ట్యాక్సీ ఎక్కినవాళ్లు కూడా వెళ్లేటప్పుడు రైలు గురించి ఆలోచించాలి. ఇక్కడ చూడాల్సింది మామూలు రోజు ఎంతసేపు పడుతుందన్నది కాదు, వాన పడి రోడ్లన్నీ ఆగిపోయిన రోజు ఎంత పడుతుందన్నది. ఆ రోజు కూడా రైలు దాదాపు అదే టైముకి చేరుస్తుంది. పగలు విమానమైతే నా ఓటు రైలుకే. తెల్లవారుజామున అయిదింటికి విమానమైతే రోడ్లు ఖాళీగా ఉంటాయి, రైళ్లు ఇంకా మొదలై ఉండవు, అప్పుడు ముందురోజు రాత్రే ట్యాక్సీ చెప్పి పెట్టుకోవాలి.

హాంకాంగ్ స్టేషన్‌లో కొన్ని విమానయాన సంస్థలవాళ్లకి ఊళ్లోనే చెక్ఇన్ చేసి పెట్టెలు ఇచ్చేసే ఏర్పాటు ఉంది. ఢిల్లీలో కూడా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ మీద న్యూఢిల్లీ మెట్రో స్టేషన్‌లో ఇలాంటిదే ఉంది. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఉంటే పెట్టెలు ముందే అప్పగించి చేతులూపుకుంటూ ఊరు తిరగొచ్చు.

ఆ ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు మేం అదే రైలెక్కాం, కావాల్సినదానికంటే రెండు రైళ్లు ముందుది. ప్లాట్‌ఫారానికి లిఫ్టు ఎక్కడుందో ముందురోజు సాయంత్రమే వెళ్లి చూసొచ్చాను. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటేదాకా బయటికే చూస్తూ ఉంది.